ఇంటి సంగతి తర్వాత, ముందు ఆ ప్రీమియం కట్టండి

ప్రశ్న: నాకు 69 ఏళ్లు. తెనాలిలో ఒక ప్రైవేటు మిల్లులో అకౌంటెంటుగా చేసి రిటైరయ్యాను. ఈపీఎఫ్ పింఛను నెలకు 3,100. ఫిక్స్‌డ్ డిపాజిట్లు 16 లక్షలు, వడ్డీ 7 శాతం. పై వాటా అద్దె 7 వేలు. ఇంటి ఖర్చు 17 వేలు. నా భార్యకు 64. షుగరు ఉంది, రెండు మోకాళ్లకూ ఆపరేషన్ చేయించమంటున్నారు. అబ్బాయికి గుంటూరులో హార్డ్‌వేర్ షాపు ఉంది, పెంచడానికి 25 లక్షల లోను కావాలట. ఇల్లు తన పేర గిఫ్ట్ డీడ్ రాస్తే బ్యాంకు ఇస్తుందంటున్నాడు. బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 4 లక్షలు తీర్చడానికి నా డిపాజిట్ మీద లోను తియ్యమంటున్నాడు. హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఖర్చు తగ్గుతుందని పన్నెండేళ్లుగా కడుతున్న 5 లక్షల హెల్త్ పాలసీ ఈసారి కట్టలేదు, గడువు దాటి పదిహేను రోజులైంది. ప్రీమియం 46 వేలు. గిఫ్ట్ డీడ్ రాయాలా, హామీ సంతకం పెడితే సరిపోతుందా?

జవాబు: మీరు అడిగింది ఇంటి గురించి. నన్ను కంగారు పెట్టింది మాత్రం చివర్లో మాటవరసకు రాసిన పాలసీ సంగతి. అందుకే మీ లేఖ చూసిన రోజే ముందు ప్రీమియం కట్టమని విడిగా మెయిల్ పెట్టాను. ఏడాదికోసారి కట్టే పాలసీకి గడువు దాటాక కూడా కట్టుకోవడానికి 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆ లోపు కడితే పన్నెండేళ్ల సీనియారిటీ చెక్కుచెదరదు. ఈ మధ్యలో ఆసుపత్రి పాలైతే మాత్రం ఆ ఖర్చు మీదే, కాబట్టి చివరి రోజు దాకా ఆగకండి.

మీ చేతిలో ఉన్నదేమిటో మీకు తెలిసినట్టు లేదు. అయిదేళ్లు నిండిన పాలసీలో, మోసం అని రుజువైతే తప్ప, ‘పాత జబ్బు దాచారు’ అని కంపెనీ క్లెయిము తోసిపుచ్చలేదు. మీ ఇంట్లో షుగరుకు, మోకాళ్లకు వెయిటింగ్, అంటే క్లెయిము ఇవ్వకుండా ఆపే తొలి ఏళ్లు, ఎప్పుడో తీరిపోయింది. ఇది వదిలేసి రేపు కొత్తది తీసుకుంటే మళ్లీ మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. అసలు ఇస్తారో లేదో కూడా చెప్పలేం. వయసు ఎంతైనా పాలసీ కొనుక్కోవచ్చని 2024లో నిబంధన మారిన మాట నిజమే, కానీ అందరికీ ఇచ్చి తీరాలని అందులో లేదు. ప్రైవేటు ఆసుపత్రిలో రెండు మోకాళ్లకు నాలుగైదు లక్షలు అడుగుతారు. ఆపరేషన్ ముందు పెట్టుకుని పాలసీ ఆపడం వరద వస్తోందని తెలిసి గట్టు తవ్వుకోవడమే.

పైగా ఆ 46 వేలు పోయినేటి రసీదు చూసి రాశారేమో చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు. ఆ 46 వేలల్లో పన్నే 7 వేలు. అరవై దాటినవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి. కాబట్టి ఈసారి మీకు 39 నుంచి 43 వేల మధ్య రావాలి. ఇన్నేళ్లు ఖాతాలు రాసిన మీరు ఈ ఒక్క కాగితం తిరగెయ్యకపోతే ఎలా సార్? వచ్చే ఏడు 70 నిండగానే ఆయుష్మాన్ వయవందన కార్డు చేయించుకోండి, ఆదాయంతో పని లేకుండా 5 లక్షల దాకా వర్తిస్తుంది. అయితే అది మీకే. అమ్మగారికి ఇంకో ఆరేళ్ల దాకా ఈ పాలసీయే దిక్కు.

ఇక గిఫ్ట్ డీడ్. రాయకండి. రిజిస్టరయ్యాక మనసు మార్చుకున్నానంటే చెల్లదు. ‘తల్లిదండ్రుల పోషణకు 2007 చట్టం ఉందిగా, పిల్లలు చూడకపోతే ఆర్డీవో రద్దు చేస్తారుగా’ అనే ధైర్యంతో సంతకం పెట్టేవాళ్లను తరచూ చూస్తున్నాను. ఆ చట్టంలోని 23వ సెక్షన్ వర్తించాలంటే, చూసుకోవాలనే షరతు మీదే ఆస్తి ఇచ్చినట్టు ఉండాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో కాస్త ఉదారంగా చూసి ఒక తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది కూడా. కానీ ఆమె అక్కడిదాకా వెళ్లాల్సి వచ్చింది. మీ విషయంలో అప్పటికి ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంటుంది, చిక్కు ఇంకా ముదురుతుంది. బతికున్నన్నాళ్లూ మీ ఇద్దరికీ అనుభవ హక్కు ఉంచుకుని సెటిల్‌మెంట్ రాయొచ్చు. అలాంటి ఆస్తిని తాకట్టుకు తీసుకోవడానికి బ్యాంకు వెనకాడుతుంది. అబ్బాయి ఏ మెలికా లేని గిఫ్ట్ డీడే అడగడానికి కారణం బహుశా అదే.

హామీ సంతకం తేలికైనదని మీ ఉద్దేశమా? కాదు. హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం, బ్యాంకు ముందు అబ్బాయినే అడగాలన్న నియమం లేదు. ఇల్లు తాకట్టు పెట్టి వాయిదాలు ఆగితే 60 రోజుల నోటీసు, ఆ తర్వాత కోర్టు మెట్లు ఎక్కకుండానే స్వాధీనం. 25 లక్షలకు 11 శాతం చొప్పున ఏడేళ్లకు ఈఎంఐ దాదాపు 43 వేలు. మీ నెల రాబడి మొత్తం 19,400. హామీ అంటే ఇక్కడ ఏ డబ్బుతో?

రెండు రూపాయల వడ్డీ సంగతి నాకు మరీ అనుమానంగా ఉంది. నెలకు 8 వేలు వడ్డీకే పోతున్న షాపును పెంచుతున్నారా, నిలబెడుతున్నారా? డిపాజిట్ లోను వడ్డీ 8 శాతం, బయటి వడ్డీ 24. కాగితం మీద తెలివైన పనే. కానీ అబ్బాయి తిరిగి కట్టకపోతే బ్యాంకు ఆ డిపాజిట్లోంచే జమ చేసుకుంటుంది, మీ వడ్డీ రాబడి నెలకు 2,300 తగ్గిపోతుంది. మీరు అందులోనే కూరగాయలు కొనుక్కోవాలి. పూచీకత్తు లేకుండా చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర, సీజీటీఎంఎస్ఈ లోన్లు ఉన్నాయి, ముందు అక్కడ అడగమనండి.

మీ 16 లక్షలు ఇలా సర్దండి. 10 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేస్తే, ఇప్పటి 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 20,500 వస్తుంది. ఇప్పటికన్నా ఏడాదికి 12 వేలు ఎక్కువ, ప్రీమియంలో పావు వంతు పైనే. పాత డిపాజిట్లు గడువు తీరేకొద్దీ మార్చండి, మధ్యలో విరిస్తే వడ్డీ కోస్తారు. మూడు లక్షలు ఎవరికీ ఇవ్వని అత్యవసర నిధి, ఇద్దరి పేర్ల మీద, ఎవరు వెళ్లినా తీసుకోగలిగేలా పెట్టండి. రాత్రి పదింటికి ఆసుపత్రి వాళ్లు అడ్వాన్సు కట్టమంటే అమ్మగారు ఒక్కరే ఏటీఎం దగ్గరికి వెళ్లి తీయగలగాలి. పిన్ ఆవిడకు తెలుసా? మిగతా మూడు లక్షలు ప్రీమియాలకు, బీమా ఇవ్వని ఖర్చులకు. ఫిజియోథెరపీ ఖర్చు పూర్తిగా రాకపోవచ్చు. పనిమనిషి, ఆటోల ఖర్చు మామూలుగా పాలసీలో రాదు.

ఇల్లు పిల్లలకు ఎలా చెందాలో వీలునామా రాయండి. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మీ తర్వాత అమ్మగారు జీవితాంతం ఆ ఇంట్లోనే ఉండేలా మొదటి పేరా రాయించండి. అమ్మాయితో ఈ ఆదివారమే మాట్లాడండి, ఆమెకు ఇంకొకరి నోటి వెంట తెలియడం బాగుండదు.

షాపు మూడేళ్ల జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ప్రామిసరీ నోట్ల జాబితా తీసుకుని అబ్బాయినే నాకు రాయమనండి. లోను అవసరం ఆయనది, ఆ ప్రశ్నకు జవాబు ఆయనకే ఇస్తాను.