ప్లైవుడ్ పొరలు విడిపోతే పరీక్ష ఎవరు చేయించాలి? కేసు ఏ రాష్ట్రంలో వేయాలి?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. 2024 నవంబరులో కొత్తింటి వంటగదికి, అల్మరాలకి శ్రీకాకుళంలోని ఒక షాపు నుంచి ‘సెవెన్ టెన్’ ప్లైవుడ్ తెప్పించాం. మొత్తం రూ.1,84,000 అయింది. రూ.1,10,000కి మాత్రమే జీఎస్టీ బిల్లు ఇచ్చి, మిగతాది తెల్ల చీటీ మీద రాశారు. డబ్బంతా ఫోన్‌పే చేశాం. ‘నీళ్లలో నానబెట్టినా ఏమీ కాదు, జీవితకాలం గ్యారంటీ’ అన్నారు. 2025 జూలై వచ్చేసరికి సింకు కింద బోర్డులు ఉబ్బి పొరలు విడిపోయాయి. చుక్క నీరు తగలని పడకగది అల్మరా తలుపులు కూడా అంచుల దగ్గర పొరలు లేస్తున్నాయి. షాపాయన ముందు మేస్త్రి పనితనం అన్నాడు, తర్వాత పైపు లీకు అన్నాడు. ఇప్పుడేమో ‘ల్యాబు రిపోర్టు తెండి, కేసు వేయాలంటే శ్రీకాకుళంలోనే, బిల్లు మీద రాసే ఉంది’ అంటున్నాడు. మేస్త్రి పాడైనవన్నీ ఊడదీసి కొత్తవి బిగిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మేస్త్రిని ఆపండి. మీ కేసుకు ఆ పాడైన బోర్డులే సాక్ష్యం. అవి చెత్తబండి ఎక్కాక ఎంత మంచి వకీలును పెట్టుకున్నా చేయగలిగింది తక్కువ. వంట ఆగిపోతోంది అనుకుంటే సింకు కింద భాగం ఒక్కటే విప్పించండి. విప్పే ముందు ఫొటోలు, వీడియో తీయండి. విప్పిన ముక్కలను వాన తగలని చోట పెట్టండి. పడకగది తలుపులను మాత్రం ఇప్పుడే కదపొద్దు. ఎందుకో కింద చెబుతాను.

కేసు ఎక్కడ అన్నదానికి జవాబు చిన్నదే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట కూడా ఫిర్యాదు వేయవచ్చు. పాత 1986 చట్టంలో ఈ వెసులుబాటు ఉండేది కాదు. అమ్మినవాడి ఊరికో, లావాదేవీ జరిగిన ఊరికో పోవాల్సి వచ్చేది. సరిహద్దు ఊళ్ల వాళ్లలో చాలామంది ఇంకా ఆ పాత మాటే నమ్మి, ఆంధ్రా బిల్లు కాబట్టి ఆంధ్రాకే వెళ్లాలనుకుని వదిలేస్తున్నారు. అది నాకు చాలా బాధ కలిగించే సంగతి. మీరు పర్లాకిమిడిలోని గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. ‘శ్రీకాకుళం కోర్టుల పరిధి మాత్రమే’ అని బిల్లు అడుగున అచ్చువేసిన వాక్యం చట్టం ఇచ్చిన ఈ హక్కును తీసేయలేదు. చెల్లించిన సొమ్ము రూ.50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషనే చాలు. రూ.5 లక్షల లోపు కాబట్టి ఫిర్యాదు ఫీజు కూడా లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. భాష గురించి భయపడకండి, ఫిర్యాదు ఇంగ్లీషులో రాయించి, తెలుగులో ఉన్న చీటీలకు, మెసేజీలకు అనువాదం జతచేయండి.

ఇక అసలు విషయం పరీక్ష. ఇక్కడే చాలా కేసులు ఓడిపోతున్నాయి, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

చట్టంలో ‘లోపం’ అన్న మాటకు అర్థం విశాలంగా ఉంది. ఏదైనా చట్టం కోరిన ప్రమాణం లేకపోవడం ఒక్కటే లోపం కాదు, అమ్మినవాడు ఏ రూపంలో ఏం చెప్పుకున్నాడో ఆ నాణ్యత లేకపోవడం కూడా లోపమే. అంటే మీ బోర్డుకు ఏ పరీక్ష చేయాలన్నది మీకు ఏమని చెప్పి అమ్మారన్న దాన్ని బట్టే తేలుతుంది. ‘సెవెన్ టెన్’ అంటే ఐఎస్ 710, మెరైన్ (నీళ్లను బాగా తట్టుకునే) ప్లైవుడ్ ప్రమాణం. బజారులో ‘త్రీ నాట్ త్రీ’ అనేది ఐఎస్ 303, సాధారణ వాడకపు ప్లైవుడ్. ఈ రెండింటికీ జిగురు పరీక్షలోనే పెద్ద తేడా ఉంది. 303లో ఎంఆర్ (తేమను మాత్రమే తట్టుకునే) రకం ముక్కను 60 డిగ్రీల వేడినీళ్లలో 3 గంటలు ఉంచుతారు. బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లను కొంత తట్టుకునే రకం) అయితే 8 గంటలు మరిగిస్తారు. 710 ముక్క మాత్రం 72 గంటలు మరిగే నీళ్లలో ఉండి నిలవాలి. తీసి చల్లార్చాక పొరల మధ్య కత్తి మొన దూర్చి పైకి లేపుతారు. జిగురు గట్టిదైతే పొర ఊరికే రాదు, చెక్కే చీలి, దాని పీచు జిగురు గీత మీద అంటుకుని ఉంటుంది. జిగురు చెడ్డదైతే పాత అట్టపెట్టె అట్ట ఊడినట్టు నున్నగా విడిపోతుంది. దీంతోపాటు జిగురును లాగి ఎంత బరువుకు తెగుతుందో చూసే పరీక్ష, వంచి చూసే బల పరీక్ష, తేమ శాతం వంటివి కూడా ఉన్నాయి. వీటిని ఎలా చేయాలో ఐఎస్ 1734లో భాగాలుగా రాసి ఉంది.

దీన్ని మీ కేసుకు అన్వయిస్తే షాపాయన లీకు వాదన ఆయనకే అడ్డం తిరుగుతుంది. మూడు పగళ్లు, మూడు రాత్రులు మరిగినా విడిపోకూడని బోర్డు అని అమ్మి, సింకు పైపు కారితే విడిపోయిందనడం కుదరదు. కానీ ఫిర్యాదులో మాటలు జాగ్రత్తగా వాడాలి. ఉబ్బడం వేరు, పొరలు విడిపోవడం వేరు. నీరు తాగితే ఏ చెక్కయినా కొంత ఉబ్బుతుంది. సీలు చేయని అంచు నెలల తరబడి నీళ్లలో ఉంటే బూజు పట్టి కుళ్లవచ్చు, అందులో మేస్త్రి తప్పు ఉందని అవతలివాళ్లు అంటారు, అందులో కొంత నిజం ఉండవచ్చు కూడా. జిగురు వీడి పొరలు లేవడం మాత్రం తయారీ లోపం వైపు చూపిస్తుంది. మీ పడకగది తలుపుల విలువ ఇక్కడే ఉంది. నీరు తగలని చోట పొరలు లేచాయంటే లీకు కథ నిలవదు. ఫిర్యాదులో మొదటి పేరా దానితోనే మొదలుపెట్టండి.

ఒకవేళ మీకిచ్చింది 303 ఎంఆర్ అని షీటు మీద ముద్ర ఉండి, షాపాయన నోటిమాటగా మాత్రమే 710 అని చెప్పి ఉంటే కేసు రూపం మారుతుంది. అప్పుడు ఎంఆర్ పరీక్షలో ఆ బోర్డు పాసైనా మీరు గెలవవచ్చు. ఒకటి చెప్పి ఇంకోటి ఇవ్వడం చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. అందుకే బిల్లు మీద, కోటేషన్ మీద, వాట్సాప్ మెసేజీలో ఎక్కడైనా 710 అని, మెరైన్ అని, బీడబ్ల్యూపీ (మరిగే నీళ్లకూ చెక్కుచెదరని రకం) అని రాసిందేమో ఇప్పుడే వెతకండి. మెసేజీలను కమిషన్‌కు ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయడం మంచిది.

తర్వాత, షీటు మీద ముద్ర. ఐఎస్ఐ మార్కు, దాని పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరు, గ్రేడు ఉంటాయి. సన్‌మైకా అంటించాక ఆ ముద్ర దాని కింద పడిపోతుంది. సొరుగుల అడుగున, అల్మరా వెనక పలకల మీద, మేస్త్రి అటక మీద పెట్టిన మిగులు ముక్కల మీద చూడండి. నంబరు దొరికితే భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూడండి, ఆ లైసెన్సు ఎవరిదో, ఏ సరుకుకు ఇచ్చిందో వస్తుంది. ‘710’ అని పెద్దక్షరాలతో అచ్చువేసి, ఐఎస్ఐ గుర్తు, లైసెన్సు నంబరు లేకపోతే అది కంపెనీ సొంత రాతే. లైసెన్సు నిజమైనదై, సరుకు ప్రమాణానికి తగ్గట్టు లేకపోతే బీఐఎస్ చట్టం, 2016లోని 31వ సెక్షన్ ప్రకారం లైసెన్సుదారు కొనుగోలుదారుకు పరిహారం చెల్లించాలి. ఆ ఫిర్యాదు విడిగా బీఐఎస్‌కు పెట్టుకోవచ్చు. ప్లైవుడ్‌కు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసే ఉత్తర్వు అమలుకు వచ్చింది 2025లో. మీరు కొన్నది అంతకు ముందు కాబట్టి మార్కు లేదన్న ఒక్క కారణంతో కేసు నిలబెట్టకండి. ‘710’ అని చెప్పి అమ్మిన మాటే మీకు ఆధారం.

పరీక్ష ఎవరు చేయించాలి అన్నారు. షాపాయన అన్నట్టు ముందే మీరు రిపోర్టు తేవాలన్న నియమం ఎక్కడా లేదు. పరీక్ష లేకుండా తేల్చలేని లోపం అయితే, వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ ప్రకారం కమిషనే మీ నుంచి నమూనా తీసుకుని, సీలు వేసి, తగిన ప్రయోగశాలకు పంపి, 45 రోజుల్లో నివేదిక కోరుతుంది. ఫీజు మాత్రం మీరు డిపాజిట్ చేయాలి. నివేదిక వచ్చాక దాని ప్రతి అవతలివాళ్లకు వెళుతుంది, వాళ్ల అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకుంటారు. కమిషన్ తనంతట తాను చేస్తుందని ఎదురుచూడకండి. ఫిర్యాదుతో పాటే విడిగా ఒక దరఖాస్తు వేసి, అందులో ఐఎస్ 710 ప్రకారం, ఐఎస్ 1734 పద్ధతుల్లో పరీక్షించాలని రాయండి. ఊరికే ‘నాణ్యత పరీక్షించాలి’ అని రాస్తే ల్యాబు తేమ శాతం చూసి పంపినా అడిగే దిక్కుండదు. తలుపులు ఇంట్లోనే బిగించి ఉన్నాయి కాబట్టి, అక్కడికొచ్చి ముక్క తీయించడానికి అడ్వకేట్ కమిషనర్‌ను (కమిషన్ తన తరఫున పంపే వకీలును) వేయమని అదే దరఖాస్తులో కోరండి.

కమిషన్ దాకా వెళ్లకముందే సొంతంగా ఒక పరీక్ష చేయించుకుని బలం చూసుకోవాలనుకుంటే తప్పులేదు. బెంగళూరులో ‘ఇప్‌ర్తి’ పేరుతో తెలిసిన ప్లైవుడ్ పరిశోధన సంస్థ ఈ పనికే పుట్టింది. ఏ ల్యాబైనా ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా, ఆ గుర్తింపు జాబితాలో ఐఎస్ 1734 పరీక్షలు ఉన్నాయా అని ముందు ఫోన్‌లో అడగండి, ఎంత పెద్ద ముక్క కావాలో కూడా వాళ్లే చెబుతారు. కానీ ముక్క కోసే ముందు షాపుకు, తయారీదారుకు రిజిస్టర్డ్ పోస్టులో తేదీ, సమయం రాసి రమ్మని పిలవండి. వాళ్లు రాకపోయినా ఇద్దరు ఇరుగుపొరుగుల ఎదుట కోయండి. ఒకే బోర్డును రెండుగా కోసి, కోత గీత మీదుగా ముందే సంతకాలు పెట్టించండి. ఒక సగం ల్యాబుకు, రెండోది గుడ్డలో కట్టి లక్కసీలు వేసి ఇంట్లో. ‘ఎవరి ముక్కో పంపారు’ అనే మాటకు ఆ రెండు సగాల మీద కలిసే సంతకమే జవాబు.

ఇంకో అభ్యంతరం వస్తుంది. ఈ పరీక్షలన్నీ కొత్త బోర్డుకు రాసినవి, వాడిన బోర్డుకు కాదు అంటారు. అది బలమైన వాదనే. అందుకని అటక మీది వాడని మిగులు ముక్క అన్నిటికన్నా విలువైనది. అదే ముద్ర, అదే బ్యాచ్ ఉన్న ముక్క దొరికితే దాన్నే ముందు పంపండి. ఇక జిగురు గీత నల్లగా ఉంటే నీళ్లకు తట్టుకునే ఫినాల్ జిగురు, తెల్లగా ఉంటే అంత తట్టుకోని యూరియా జిగురు అని మేస్త్రీలు చెబుతుంటారు. కొంత నిజమే కానీ రంగు కలిపి నల్లగా చేయడం పెద్ద పని కాదు. దాన్ని ఫిర్యాదులో ఆధారంగా రాయకండి.

తెల్ల చీటీ గురించి కంగారు పడకండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే, ఆ తప్పు షాపుది. మొత్తం సొమ్ము ఫోన్‌పేలో కనపడుతుంది కదా, బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకోండి. గ్యారంటీ కార్డులో ‘బోర్డు మాత్రమే మారుస్తాం’ అని ఉన్నా మీరు అక్కడితో ఆగనక్కర్లేదు. బోర్డు ధర వడ్డీతో పాటు సన్‌మైకా, మేస్త్రి కూలి, మళ్లీ చేయించే ఖర్చు విడివిడిగా లెక్కరాసి పరిహారం కింద అడగండి. షాపును, తయారీదారును ఇద్దరినీ చేర్చండి. మేస్త్రిని చేర్చడం మీ ఇష్టం, కానీ ఆ సరుకును ఎంచింది, షాపుకు తీసుకెళ్లింది ఆయనైతే కనీసం ఆయన అఫిడవిట్ తీసుకోండి. అంచులకు ఏం పూసి బిగించాడో అందులో చెప్పించండి.

గడువు రెండేళ్లు. దాగిన లోపం కాబట్టి బయటపడిన 2025 జూలై నుంచి లెక్కించాలని వాదించవచ్చు, అయినా మీరు కొన్న తేదీ నుంచే లెక్కేసుకుని 2026 నవంబరు లోపల దాఖలు చేసేయండి. లీగల్ నోటీసు ఇచ్చినా, షాపాయన ‘చూద్దాం’ అని తిప్పుతున్నా ఆ గడువు పెరగదు.