బి1 రాత పరీక్ష మళ్లీ రాసేముందు తెలుగును తోడు తెచ్చుకోండి

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి గుంటూరులో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. జర్మనీలో నర్సుగా స్థిరపడాలని ఏడాదిగా జర్మన్ నేర్చుకుంటున్నాను. గోథే సంస్థ నిర్వహించే జర్మన్ భాషా పరీక్షల్లో మధ్యస్థ స్థాయి అయిన బి1లో చదవడం, వినడం, మాట్లాడటం గట్టెక్కాయి. రాయడంలో మాత్రం 54 మార్కులే వచ్చాయి. వ్యాకరణ పుస్తకం మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. అయినా రాయడానికి కూర్చుంటే అంతా కలగాపులగమవుతోంది. మూడు నెలల్లో మళ్లీ రాయాలనుకుంటున్నాను. వ్యాకరణంలో ఏవి గట్టిగా పట్టుకోవాలి? ఈలోగా తర్వాతి స్థాయి బి2 మొదలుపెట్టవచ్చా?

జవాబు: ముందుగా మీరు ఊపిరి పీల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. గోథే బి1లో నాలుగు భాగాలూ విడివిడివి. ఒక్కోదానికి 100 మార్కులు, 60 వస్తే ఉత్తీర్ణత. మీరు దాటిన మూడూ మీవే. రాత భాగం ఒక్కటే మళ్లీ రాస్తే సరిపోతుంది. మీకు కావలసింది ఆరు మార్కులు. వాటికోసం వ్యాకరణ పుస్తకాన్ని మూడోసారి చదవవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఎందుకంటే ఈ పరీక్షలో వ్యాకరణానికి ప్రత్యేక ప్రశ్నపత్రం లేదు. టెల్క్ సంస్థ నిర్వహించే బి1లో ఖాళీలు పూరించే వ్యాకరణ ప్రశ్నలు 20 ఉంటాయి. అక్కడ సూత్రాలు తెలిస్తే నేరుగా మార్కులు పడతాయి. గోథేలో 60 నిమిషాల్లో మూడు రచనలు చేయాలి. స్నేహితులకు 80 పదాల ఉత్తరం, ఒక విషయంపై 80 పదాల్లో మీ అభిప్రాయం, గౌరవంగా రాసే 40 పదాల చిన్న ఉత్తరం. అడిగిన విషయాలన్నీ చెప్పారా, వాక్యాలు ఒకదానితో ఒకటి అతికాయా, పదసంపద ఎంత, వాక్యనిర్మాణం ఎలా ఉంది అని చూసి మార్కులు వేస్తారు. కాబట్టి సూత్రం తెలియడం వేరు, గడియారం తిరుగుతుండగా ఆ సూత్రం చేతికి రావడం వేరు.

మీరు జర్మన్‌ను ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్నారని అనుకుంటున్నాను. మన దగ్గర దాదాపు అందరూ అలాగే నేర్చుకుంటారు. అక్కడే చాలా తప్పులు పుడుతున్నాయి. జర్మన్‌లో కష్టమనిపించే కొన్ని చోట్ల ఇంగ్లీషుకన్నా తెలుగే దగ్గరి చుట్టం.

అన్నిటికన్నా ముందు క్రియ స్థానం చూడండి. 'వైల్ ఇష్ గెస్టర్న్ క్రాంక్ వార్' అనే ముక్కలో 'ఇష్' అంటే నేను, 'గెస్టర్న్' నిన్న, 'క్రాంక్' జబ్బుగా, 'వార్' ఉన్నాను. నేను నిన్న జబ్బుగా ఉన్నందువల్ల. అచ్చం మన వరుసే కదా! మనం వాక్యం చివర తగిలించే 'అందువల్ల'ను వాళ్లు 'వైల్' అని ముందుకు తెచ్చి కూర్చోబెడతారు, అంతే తేడా. 'డస్' (అని), 'ఒబ్‌వోల్' (అయినప్పటికీ), 'వెన్' (అయితే) తర్వాత కూడా ఇదే పద్ధతి. అనుబంధ వాక్యం రాసేటప్పుడు ఇంగ్లీషు వాక్యం మనసులోకి రానీయకండి. తెలుగులో అనుకుని క్రియను చివర వదిలేయండి.

ప్రధాన వాక్యంలో మాత్రం తెలుగూ సాయం చేయదు, ఇంగ్లీషూ చేయదు. అక్కడ క్రియ రెండో స్థానంలో ఉండి తీరాలి. నిన్న నేను హైదరాబాద్ వెళ్లాను అనడానికి 'గెస్టర్న్ బిన్ ఇష్ నాఖ్ హైదరాబాద్ గెఫారెన్' అనాలి. 'గెస్టర్న్' తర్వాత క్రియ 'బిన్' రాకుండా 'ఇష్' రాశారంటే తప్పు. అందువల్ల అని అర్థమిచ్చే 'డెస్‌హాల్ప్' తర్వాత కూడా వెంటనే క్రియే రావాలి. మీ పాత అభ్యాస రచనలు తీసి, ప్రతి వాక్యంలో క్రియ కింద ఎర్ర గీత గీయండి. గీత ఎన్నిసార్లు తప్పుచోట పడిందో లెక్కపెట్టండి. మీకు తగ్గిన ఆరు మార్కుల్లో ఎక్కువభాగం అక్కడే దొరుకుతాయని నా నమ్మకం.

తర్వాత విభక్తులు. పేర్లు వింటేనే భయపడతారు గానీ, 'ను', 'కు' తేడా పసితనం నుంచి మన నోట ఉన్నదే. అతనికి సహాయం చేస్తున్నాను అనేచోట ఇంగ్లీషు అలవాటుతో 'ఇష్ హెల్ఫె ఈన్' (అతన్ని) అని రాస్తారు. తెలుగులో 'అతనికి' అంటున్నాం కదా, జర్మన్‌లోనూ 'కు' అర్థమిచ్చే డాటివ్ విభక్తే: 'ఇష్ హెల్ఫె ఈమ్'. నాకు నచ్చింది, నాకు చలిగా ఉంది అనే వాక్యాలూ అంతే. 'డాస్ గెఫెల్ట్ మీర్', 'మీర్ ఇస్ట్ కాల్ట్'. రేపు వార్డులో మీరు రోజూ వినబోయే 'మీర్ టూట్ డెర్ కోప్ఫ్ వే' అన్న మాట కూడా నాకు తలనొప్పిగా ఉంది అన్నట్టే నడుస్తుంది. అడగడం అనే క్రియకు మనం 'నన్ను అడిగాడు' అంటాం, వాళ్లూ 'మిష్' (నన్ను) అనే అంటారు.

ఈ చుట్టరికాన్ని గుడ్డిగా నమ్మకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. అతనికి ఫోన్ చేశాను అంటాం, కానీ ఫోన్ చేయడానికి వాడే 'అన్‌రూఫెన్' మన 'ను' లాంటి అక్కుజాటివ్ విభక్తిని కోరుతుంది. నాకు ఇద్దరు అన్నలున్నారు అనేటప్పుడు జర్మన్‌లో 'నాకు' ఉండదు, 'ఇష్ హాబె' (నేను కలిగి ఉన్నాను) అంటారు. ఇలాంటివి ఎదురైన ప్రతిసారీ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. నలభై, యాభై దాటవు.

అందరినీ ఏడిపించే తొమ్మిది విభక్తి పదాలున్నాయి: ఇన్ (లో), అన్ (దగ్గర), ఔఫ్ (మీద) వగైరా. ఒకసారి డాటివ్, ఒకసారి అక్కుజాటివ్ తీసుకుంటాయి. ఆసుపత్రిలో, ఆసుపత్రిలోకి అన్న తేడా మీకు తెలిస్తే ఈ సూత్రం వచ్చేసినట్టే. ఆసుపత్రిలో పనిచేస్తున్నాను అంటే 'ఇన్ డెర్ క్లీనిక్', ఆసుపత్రిలోకి వెళ్తున్నాను అంటే 'ఇన్ డీ క్లీనిక్'. 'లోకి', 'మీదికి' అనగలిగితే అక్కుజాటివ్. ఒక్క జాగ్రత్త: మందుసీసాను బల్లమీద పెట్టాను అని మనం 'కి' లేకుండానే అంటాం. వస్తువు ఒకచోటినుంచి ఇంకోచోటికి కదిలింది కాబట్టి జర్మన్‌లో అది 'ఔఫ్ డెన్ టిష్' అవుతుంది.

'అల్స్', 'వెన్' సంగతి కూడా ఇంగ్లీషు వల్లే చిక్కుపడుతుంది. గతంలో ఒక్కసారి జరిగినదైతే 'వచ్చినప్పుడు' అంటాం, అది 'అల్స్'. 'వచ్చినప్పుడల్లా', 'వస్తే' రెండూ 'వెన్'.

భూతకాలంలో ప్రయాణం, మార్పు తెలిపే క్రియలకు సహాయక క్రియగా 'జైన్' (ఉండు), మిగతా చాలావాటికి 'హాబెన్' (కలిగి ఉండు) వస్తాయని మీకు తెలిసే ఉంటుంది. కదలిక లేకపోయినా 'బ్లైబెన్' (ఉండిపోవడం) కూడా 'జైన్'తోనే వస్తుందని మరిచిపోకండి. కర్మణి ప్రయోగాన్ని చదివి అర్థం చేసుకోగలిగితే చాలు, రాతలో దాని జోలికి వెళ్లనక్కరలేదు.

లింగం దగ్గర ఏ భాషా ఆదుకోదు. లింగాన్ని తెలిపే డెర్ (పుంలింగం), డీ (స్త్రీలింగం), డాస్ (నపుంసకం)లను నామవాచకంతో కలిపి ఒకే మాటగా నేర్చుకోవాలి. 'ఉంగ్', 'హైట్', 'కైట్', 'షాఫ్ట్' చివర ఉంటే స్త్రీలింగం, 'షెన్' ఉంటే నపుంసకం. అందుకే అమ్మాయి అని అర్థమున్న 'మేడ్‌షెన్' నపుంసకలింగం. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు. 'అమ్మాయి వచ్చింది', 'బస్సు వచ్చింది' అని ఒకే క్రియ వాడే మనకు అది వింతగా అనిపించనక్కరలేదు. విశేషణాల చివరి అక్షరాల పట్టికల మీద మాత్రం ఈ మూడు నెలలూ రాత్రిళ్లు గడపవద్దు. చివర ఒక 'న్' తప్పితే అర్థం చెడదు, క్రియ చోటు తప్పితే చదివేవారు తడబడతారు.

మూడో రచనలో గౌరవ సర్వనామం 'జీ' వాడాలి. నువ్వు, మీరు తేడా మనకు పుట్టుకతో వచ్చింది. అయినా తొందరలో 'జీ'తో మొదలుపెట్టి మధ్యలో 'డూ' (నువ్వు)లోకి జారిపోతుంటారు. పైగా ఈ 'జీ'ని, దాని రూపాలను పెద్ద అక్షరంతోనే మొదలుపెట్టాలి.

డ్యూటీలు చేస్తూ చదువుతున్నారు కాబట్టి రోజుకు నలభై నిమిషాలకు మించి అడగను. ఇరవై నిమిషాల్లో ఒక 80 పదాల రచన, పది నిమిషాలు క్రియల తనిఖీ, పది నిమిషాలు తప్పు వాక్యాలను మళ్లీ రాయడం. వారానికి రెండింటిని మీ టీచరుకు చూపించండి. రచనలో అడిగిన మూడు విషయాలనూ ముందే పక్కన రాసుకుని, ఒక్కోదానికి కనీసం రెండు వాక్యాలు కేటాయించండి.

ఇక బి2. నర్సుగా పూర్తి గుర్తింపు పొందడానికి జర్మనీలో సాధారణంగా బి2 అడుగుతారు కాబట్టి ఎలాగూ తప్పదు. మొదటి రెండు నెలలు ఆగండి. వరుసగా పది రచనల్లో క్రియ స్థానం తప్పకుండా రాయగలిగిన రోజున బి2 తరగతిలో చేరండి. 'నిన్న కొన్న పుస్తకం' అని మనం అన్నట్టే జర్మన్‌లోనూ అదే వరుసలో 'డాస్ గెస్టర్న్ గెకౌఫ్టె బూఖ్' అనే పదబంధాలు అక్కడ మీకు ఎదురవుతాయి.