నీటిపై సౌర ఫలకలు ఎందుకు?

ప్రశ్న: విశాఖపట్నంలో ముడసర్లోవ జలాశయంపై నగరపాలక సంస్థ సౌర ఫలకలను తేలియాడేలా అమర్చిందట. నేలపై కాక నీటిపైనే ఎందుకు? వీధిదీపాలు వెలిగేది రాత్రి కదా, పగటి విద్యుత్తుతో బిల్లు ఎలా తగ్గుతుంది?

జవాబు: అక్కడి 2 మెగావాట్ల కేంద్రం 2018లో మొదలైంది. ఇంతటి కేంద్రాన్ని నేలపై కట్టాలంటే సుమారు 8 నుంచి 10 ఎకరాలు కావాలి. కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుకుగా పెరిగిన నగరంలో అంత స్థలం దొరకడం కష్టం. పైగా ఫలకలు వేడెక్కినకొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది కనుక నీటి చల్లదనం కొంత మేలు చేస్తుంది, ఫలకల నీడలో నీరు ఆవిరి కావడమూ తగ్గుతుంది.

ఇక రెండో సందేహం సహేతుకమైనదే. ఇటువంటి కేంద్రాల పగటి ఉత్పత్తి గ్రిడ్‌లోకి చేరుతుంది. ఆ యూనిట్లను వినియోగదారు వాడకంలోంచి మినహాయించడమే నెట్ మీటరింగ్ పద్ధతి. బ్యాటరీలతో పనిలేదు.

అయితే, ఫొటోలకు అంతగా నోచుకోకపోయినా, నా దృష్టిలో పెద్ద పని వీధిదీపాలదే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నగరంలోని దీపాలను ధ్వంసం చేశాక, కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఈఈఎస్ఎల్ సంస్థ ద్వారా వాటి స్థానంలో ఎల్ఈడీలను అమర్చారు. పెట్టుబడి ఆ సంస్థ పెట్టి, తగ్గిన విద్యుత్ ఖర్చులోంచి దాన్ని వాయిదాలుగా రాబట్టుకోవడం ఈ పద్ధతిలోని కీలకం.