58 ఏళ్ల టెనర్‌కి పై ‘జి’ దగ్గర గొంతు ఊగడం: సమాధానం

పై ‘జి’ (పాశ్చాత్య సంగీతంలో ఒక ఎత్తైన స్వరం) దగ్గర గొంతు ఊగుతోంది, వయసు వల్లేనా అని ఒక టెనర్ (ఎత్తైన మగ గొంతుతో పాడే గాయకుడు) అడిగారు. వయసు కంటే గాలి ఒత్తిడే అసలు కారణం అయి ఉండొచ్చు. ఛాతీ స్వరాన్ని (మాట్లాడేటప్పుడు వచ్చే నిండు గొంతును) అదే బరువుతో పైకి ఈడిస్తే ‘జి’ దగ్గర స్వరం ఊగుతుంది.

1. గ్లాసు నీళ్లలో స్ట్రాను 2-3 సెం.మీ. ముంచి, బుడగలు వచ్చేలా ఊదుతూ స్వరాన్ని కింది నుంచి పైకి జార్చండి. 5 నిమిషాలు చాలు.

2. అందరూ వదిలేసేది ఇదే. ‘ఆ’ని ‘ఓ’ వైపు గుండ్రం చేయడం ‘జి’ మీద కాదు, దానికి ఒక మెట్టు కింది ‘ఎఫ్’ దగ్గరే మొదలవ్వాలి. ఆలస్యమైతే స్వరపేటిక పైకి లేస్తుంది, అప్పుడు స్వరాన్ని నెట్టడానికి మళ్లీ గాలి పెంచుతారు. ముందు మెల్లగా పాడి చూడండి, బిగ్గరగా తర్వాత.

3. ఒపేరాలో (పాటల నాటకంలో) బరువైన గొంతు కావాల్సిన పాత్రలు పక్కన పెట్టండి. స్పానిష్ టెనర్ ఆల్ఫ్రెడో క్రౌస్ తేలికపాటి లిరిక్ (మృదువైన గొంతుకు తగిన) పాత్రలకే కట్టుబడి అరవై దాటాక కూడా మాస్నే ఒపేరా ‘వెర్థర్’లో నాయక పాత్ర పాడారు.

బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ దగ్గర స్వరతంత్రులు చూపించుకోండి.