రిగ్ కొనాలా, రాండమ్‌ఎక్స్ చదవాలా?

"సార్, సీఎస్ఈ సెకండియర్ చదువుతున్నా. మోనెరో అనే క్రిప్టో కాయిన్‌ని మామూలు సీపీయూతోనే మైన్ చేయొచ్చట, మైనింగ్ ఒక్కదానికే చేసిన ఏసిక్ మెషిన్ల గోల ఉండదట. నాన్నని రెండు లక్షలు అడిగి మైనింగ్ కంప్యూటర్, అదే రిగ్, పెట్టేసి, దీన్నే కెరీర్ చేసుకోవచ్చా?"

తమ్ముడూ, నువ్వు విన్నదాంట్లో సగం నిజం ఉంది, కానీ డబ్బు ఆ సగంలో లేదు.

మైనింగ్ అంటే హ్యాష్ అనే లెక్కని కంప్యూటర్‌తో మళ్లీ మళ్లీ చేయించడం, సరైన జవాబు ముందు దొరికినవాళ్లకి కొత్త కాయిన్లు. బిట్‌కాయిన్‌లో ఎప్పుడూ ఒకటే లెక్క, ఎస్‌హెచ్‌ఏ-256. దానికోసమే చిప్ చేస్తే సీపీయూ దరిదాపుల్లోకి రాదు. మోనెరో 2019 నవంబర్ 30న రాండమ్‌ఎక్స్ అనే ఆల్గారిథమ్‌కి మారింది. ఇందులో హ్యాష్ హ్యాష్‌కీ కొత్తగా పుట్టే ప్రోగ్రాములని నడిపించాలి, ర్యామ్‌లో 2 జీబీకి పైగా డేటాసెట్ పెట్టుకోవాలి, సీపీయూలో పక్కపక్కనే నడిచే ఒక్కో థ్రెడ్‌కి 2 ఎంబీ చొప్పున క్యాష్ (సీపీయూ లోపలి వేగమైన మెమరీ) కావాలి, పైగా ఫ్లోటింగ్ పాయింట్, అంటే దశాంశాల లెక్కలు. ఇవన్నీ బాగా చేసే చిప్ తయారు చేయబోతే అది చివరికి ఇంకో సీపీయూ అయి కూర్చుంటుంది, అదే ఇందులోని కిటుకు.

ఏసిక్‌లని ఆపుతామన్న వాళ్లు ఇంతకు ముందూ ఉన్నారు. లైట్‌కాయిన్ 2011లో స్క్రిప్ట్ అనే ఆల్గారిథమ్‌ని నమ్ముకుంటే 2014 కల్లా దానికీ మెషిన్లు వచ్చేశాయి. ఎథీరియం వాడిన ఎథాష్, జీక్యాష్ వాడిన ఈక్విహాష్, మోనెరో పాత ఆల్గారిథమ్ క్రిప్టోనైట్, మూడింటికీ 2018లోనే వచ్చాయి. ఇక ఎథీరియం 2022 సెప్టెంబర్‌లో మైనింగ్‌నే ఎత్తేసింది, అప్పటిదాకా అప్పు చేసి గ్రాఫిక్స్ కార్డులు కొన్నవాళ్ల సంగతి నువ్వే ఆలోచించుకో.

రాండమ్‌ఎక్స్ గట్టిగా నిలబడిందనే అనుకుందాం. అందరూ చేయగలిగిన పనిలో మిగిలేదెంత? నీకు పోటీ పక్క హాస్టల్ కుర్రాడు కాదు, ఎవరి సర్వర్లనో హ్యాక్ చేసి కరెంటు బిల్లు లేకుండా మైన్ చేసే ముఠాలు. నీకు మాత్రం 150 వాట్ల సిస్టమ్ రాత్రీపగలూ తిరిగితే నెలకి 108 యూనిట్లు, ఇంటి స్లాబు మారిపోతుంది. ఆపైన 2022 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అందులో మైనింగ్ మెషిన్ల ఖర్చు తీసేయనివ్వరు. నాన్న దగ్గర ఆ రెండు లక్షల మాట ఎత్తకు. కాలేజీ ల్యాబ్ సిస్టముల్లో నడుపుదామన్న ఐడియా వస్తే అదీ మానుకో, సస్పెండ్ చేస్తారు.

అసలు పని ఆ ఆల్గారిథమ్ లోపల ఉంది. కోడ్ సీ++లో, అందరికీ ఓపెన్‌గా ఉంది, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో చెప్పే డిజైన్ డాక్యుమెంటూ ఉంది. నీ ల్యాప్‌టాప్‌లోనే నడిపి హ్యూజ్ పేజెస్ (ర్యామ్‌ని పెద్ద ముక్కలుగా వాడుకునే సెట్టింగ్) ఆన్ చేస్తే హ్యాష్‌రేట్, అంటే సెకనుకి చేసే హ్యాష్‌లు, ఎంత పెరిగింది, థ్రెడ్లు పెంచుకుంటూ పోతే ఎక్కడ ఆగిపోయింది, ఎందుకు ఆగింది, ఇవి కొలిచి నాలుగు పేజీలు రాయి. ప్రోగ్రాము నడుస్తుండగానే దాన్ని మెషిన్ కోడ్‌గా మార్చే జిట్ కంపైలర్ ఎలా పనిచేస్తుందో, క్యాష్ ఎక్కడ చాలడం లేదో సొంత కొలతలతో చెప్పగలిగే ఫ్రెషర్లు తక్కువ. హైదరాబాద్‌లో ఏఎండీ, క్వాల్‌కామ్, మైక్రాన్ లాంటి చోట్ల పెర్ఫార్మెన్స్, వెరిఫికేషన్ టీముల్లో రోజూ తేల్చే ప్రశ్నలు ఇలాంటివే. హ్యాషింగ్ గణితం వైపు మనసు లాగితే కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో క్రిప్టాలజీ అండ్ సెక్యూరిటీ ఎంటెక్ ఉంది, దానికి డిస్క్రీట్ మ్యాథ్స్, ప్రాబబిలిటీ ఈ ఏడాదే మొదలుపెట్టు, థర్డ్ ఇయర్ దాకా ఆగితే ప్లేస్‌మెంట్ టెన్షన్‌లో కుదరదు.