జీతం, పింఛను, ఈఎస్ఐ: ఒకటి తీసుకుంటే ఇంకోటి ఆగుతదా?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి సగం ఒకటే భయం మీద ఉన్నయి. "ఇది వస్తుంది కాబట్టి అది రాదట కదా" అని. ఎవరన్నరు అంటే కంపెనీల క్లర్కు, మేనమామ, చాయ్ హోటల్ కాడ ఎవరో. అందుకే ఈసారి అన్నీ ఇవే తీసుకున్న.

ప్రశ్న: అన్నా, మాది గీసుగొండ మండలం. మా ఆయన ఒక ప్లాస్టిక్ కంపెనీల మిషన్ మీద పనిచేస్తడు. మూడేండ్ల కింద కుడిచేతి రెండు వేళ్లు పోయినయి, ఈఎస్ఐ (కంపెనీ కార్మికుల బీమా) నుంచి నెలనెల పైసలు పడుతున్నయి, మళ్లా అదే కంపెనీల డ్యూటీకి పోతున్నడు. ఇప్పుడు టీబీ అని తేలింది, డాక్టర్ ఇంట్ల ఉండమన్నడు. ఆఫీసుల క్లర్కేమో "నీకు ఆల్రెడీ ఈఎస్ఐ పింఛను వస్తుంది, సిక్ పైసలు రావు" అన్నడట. నిజమేనా? ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నరు.

జవాబు: నిజం కాదు చెల్లె. మీ ఆయనకు రెండూ వస్తయి. ఆ క్లర్కు రెండు వేరే వేరే పైసల్ని ఒక్క గాట కట్టేసిండు.

వేళ్లకు వచ్చేది వేళ్లు పోయినందుకు ఇచ్చేది, పనికి పోయినా పోకున్నా బతికున్నన్ని రోజులు వస్తది, జీతంతోని దానికి సంబంధం లేదు. ఏ దెబ్బకు ఎంత నష్టమని ఈఎస్ఐ వాళ్లు పెట్టిన పట్టిక (షెడ్యూల్) ప్రకారం ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20 శాతం నష్టం కింద రాస్తరు. రోజు కూలి సగటున 500 అనుకోండి, దాంట్ల 90 శాతం అంటే 450, దాంట్ల 20 శాతం అంటే రోజుకు 90 రూపాయలు, నెలకు 2,700 దాకా. పాస్‌బుక్కు తీసి చూడండి, మీకు పడేది ఇట్లాంటి లెక్కనే అయి ఉంటది.

సిక్ పైసలు వేరే. అవి జ్వరమొచ్చి, రోగమొచ్చి కూలి పోయిన రోజులకు ఇచ్చేవి, సగటు కూలిల 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. దీనికి ముందటి ఆరు నెలల కాంట్రిబ్యూషన్ పీరియడ్‌ల, అంటే ఈఎస్ఐ చందా లెక్కగట్టే ఆరు నెలలల, కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలె. మామూలుగా మొదటి రెండు రోజులకు రావు, వాటికోసం కొట్లాడకండి. టీబీ అయితే ఇంకో సంగతి ఉంది, అది దీర్ఘకాల జబ్బుల లిస్టుల ఉంది, ఆ లిస్టుల మొత్తం 34 జబ్బులు ఉంటయి. మీ ఆయన రెండేండ్లు వరుసగా నౌకరిల ఉండి, నాలుగు పీరియడ్లల కలిపి 156 రోజులు కట్టి ఉంటే, ఆ 91 రోజులు అయిపోయినంక 80 శాతం లెక్కన ఇస్తరు, డాక్టర్ అవసరం ఉందంటే రెండేండ్ల దాకా పోతది. మన లెక్కల రోజుకు 400. వేళ్ల పైసలు 90 రోజూ దానిపైన యథాతథంగా వస్తనే ఉంటయి.

మరి కలవనివి ఏవి అంటే, సిక్ పైసలు, పనిల దెబ్బ తగిలి మానేదాకా ఇచ్చే తాత్కాలిక పైసలు, ప్రసూతి పైసలు. వీటిల ఏ రెండూ ఒకే తారీఖులకు రావు, ఎందుకంటే మూడూ ఆ రోజు కూలికి బదులు ఇచ్చేవే, ఒక్క రోజు కూలి రెండుసార్లు పోదు కదా. క్లర్కు విన్నది ఈ రూల్ అయి ఉంటది, శాశ్వత వైకల్యం పైసలు దీంట్ల లేవు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. డాక్టర్ సిక్ సర్టిఫికెట్ రాసిన రోజుల్లో కంపెనీ లీవు జీతం ఇస్తే ఆ రోజులకు సిక్ పైసలు అడగొద్దు. ఎక్కడా పనికి కూడా పోవద్దు, ఒక్కపూట ఆటో నడిపినా పనే. మా చిన్నాయిన ఒక మిల్లుల చేసేటోడు, తెలవక అవే తారీఖులకు మిల్లు దగ్గర లీవు జీతం, ఇక్కడ క్లెయిమ్ రెండూ తీసుకున్నడు, రెండేండ్ల తర్వాత తిరిగి కట్టమని కాగితం వచ్చింది, అప్పటికి ఆ పైసలు ఎక్కడున్నయి, మా చిన్నమ్మ పుస్తెలతాడు కుదువపెట్టి కట్టింది. మోసం చేద్దామని చేసింది కాదు, ఎవరూ చెప్పలే అంతే. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్న.

ఇంకా, టీబీ మందులు వాడినన్ని రోజులు పోషణకని సర్కారు నెలకు 1,000 ఇస్తది, 2024 నవంబర్ దాకా 500 ఉండె. దానికి జీతం చూడరు, ఈఎస్ఐ చూడరు. ఆధార్, బ్యాంకు అకౌంటు నంబరు టీబీ యూనిట్‌ల ఇచ్చిండ్రో లేదో కనుక్కోండి. సిక్ పైసలు తీసుకుంటున్న టైంల కంపెనీ మీ ఆయన్ని పనిలకెళ్లి తీసేయొద్దని కూడా ఈఎస్ఐ చట్టంలనే ఉంది, అది ఆ క్లర్కుకు గుర్తు చేయండి.

ప్రశ్న: సార్, మా నాన్న కాజీపేటల రైల్వే ట్రాక్‌మన్ చేసి రిటైరైండు. ఆయన పోయినంక అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వచ్చేది, పోయినేడు అమ్మ కూడా పోయింది. మా చెల్లెకు పుట్టినకాన్నుంచి చెవులు వినబడవు, మాట రాదు. ఆసరా (తెలంగాణ సర్కారు ఇచ్చే పింఛను) 4,016 వస్తుంది, ఇంట్ల కుట్టుమిషన్ మీద నెలకు ఐదు వేల దాకా సంపాదించుకుంటది. పెన్షన్‌కు పెడితే ఆసరా పోతదని, కుట్టు పైసలు చూసి పెన్షన్ కూడా ఇయ్యరని మా మేనమామ భయపెడుతున్నడు.

జవాబు: తమ్ముడూ, వెంటనే పెట్టు. కేంద్ర ప్రభుత్వ పెన్షన్లల వికలాంగులైన కొడుకులు, బిడ్డలకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ ఉంది, పెండ్లి అయినా పోదు. సంపాదన సంగతికి 2021ల రూల్ మారింది. అంతకుముందు 9,000, దానిపైన డీఏ (కరువు భత్యం) అని అందరికీ ఒకటే గీత ఉండె, ఇప్పుడు నాన్న ఆఖరి జీతంల 30 శాతం, దానిపైన డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం), ఇంతకంటే చెల్లె వేరే సంపాదన తక్కువుంటే చాలు. నాన్న ఆఖరి బేసిక్ 36,000 అనుకుందాం, 30 శాతం అంటేనే 10,800, డీఆర్ కలిపితే ఇంకా ఎక్కువ. కుట్టు మీద వచ్చే ఐదు వేలు దానికి ఎంత దూరంల ఉందో నువ్వే చూడు. దాచాల్సిన పనే లేదు, ఉన్నది ఉన్నట్టు రాయండి. అయితే బతుకుదెరువు సంపాదించుకోలేని వైకల్యం అని, అది అమ్మానాన్న ఉన్నప్పటినుంచే ఉందని మెడికల్ కాగితంల రావాలె. చిన్నప్పటి ఆస్పత్రి చీటీలు, బధిరుల స్కూల్ సర్టిఫికెట్ ఏవున్నా బయటికి తీయండి. నాన్న పెన్షన్ పీపీఓల (పెన్షన్ మంజూరు కాగితంల) చెల్లె పేరు ముందే ఎక్కించి ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఇగ ఆసరా సంగతి. దాన్ని వదులుకోవాల్సిందే, అక్కడ మీ మామ చెప్పింది కరెక్ట్. ఆసరా పేదరికం చూసి ఇచ్చేది, సర్కారు పెన్షన్ వచ్చేటోళ్లకు కాదు. బాధే అయినా లెక్క వేస్తే ఫ్యామిలీ పెన్షనే చాలా పెద్దది. 2024ల మన రాష్ట్రంలనే రెండూ తీసుకున్న ముసలోళ్లకు రికవరీ నోటీసులు వచ్చినయి, పేపర్లల చూసే ఉంటవు. ఇంకో మెలిక ఉంది: ఫ్యామిలీ పెన్షన్ మంజూరైతే అమ్మ పోయిన తెల్లారినుంచి బకాయి కలిపి ఇస్తరు, అంటే ఈ నెలల్లో తీసుకున్న ఆసరా మీద రేపు ప్రశ్న వస్తది. కాబట్టి బకాయి పడంగనే ఆ నెలల ఆసరా మొత్తం పక్కకు తీసిపెట్టు, మంజూరు కాగితం చేతికొచ్చిన రోజే మున్సిపల్ ఆఫీసుల ఆసరా ఆపమని రాసిచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకో. ముద్ర లేకుంటే నువ్వు చెప్పినట్టు రుజువే ఉండదు. మంజూరు కాకముందు మాత్రం ఆసరా ఆపించొద్దు, తిండికి అదే దిక్కు.

ప్రశ్న: మాది ములుగు. షుగర్ వల్ల కిడ్నీలు పోయినయి, డయాలసిస్ పింఛను 2,016 వస్తుంది. కండ్లు కూడా బాగా పోయినయి. వికలాంగుల పింఛను కూడా కలిపి ఇస్తరా?

జవాబు: కలిపి ఇయ్యరు పెద్దయ్యా, ఒకరికి ఒకటే పింఛను. కానీ ఎక్కువదానికి మారొచ్చు. 2016 వికలాంగుల చట్టంల ఉన్న 21 వైకల్యాలల కిడ్నీ జబ్బు లేదు, అందుకే డయాలసిస్ చీటీ మీద వికలాంగుల సర్టిఫికెట్ రాదు, చూపు తగ్గడం మాత్రం ఉంది. మీసేవల స్లాట్ తీసుకుని కంటి పరీక్ష చేయించుకోండి, 40 శాతం దాటితే 4,016కు మార్చమని అడగండి. కొత్తది మంజూరయ్యేదాకా పాతది కొనసాగనీయండి. ఆరోగ్యశ్రీల చేసే డయాలసిస్ వేరే లెక్క, పింఛను మారిందని అది ఆగదు.

ప్రశ్న: అన్నా, నేను సింగరేణిల రిటైరైన. గోదావరిఖని దగ్గర లారీ గుద్ది కాలు తీసేసిండ్రు. మీకు పెన్షన్ వస్తుంది కాబట్టి పరిహారంలకెళ్లి అది కోస్తరని ఇన్సూరెన్స్ వాళ్ల వకీలు అంటున్నడు.

జవాబు: ఆ మాటకు బెదరకండి. మీ పెన్షన్ 1998 కోల్ మైన్స్ పెన్షన్ స్కీం కింద వచ్చేది, బాయి దిగినన్ని ఏండ్లు మీ జీతంల కోసిన పైసలు దాంట్ల ఉన్నయి. లారీ గుద్దకున్నా అది వచ్చేదే కదా, మరి లారీ ఓనరు ఇచ్చేదాంట్లకెళ్లి ఎందుకు కోయాలె? సరిగ్గా ఇదే మాట సుప్రీంకోర్టు 1998ల హెలెన్ సి. రెబెల్లో, మహారాష్ట్ర ఆర్టీసీ కేసుల చెప్పింది. అది మనిషి చనిపోయిన కేసు, పీఎఫ్, ఫ్యామిలీ పెన్షన్, జీవిత బీమా ఏదీ పరిహారంలకెళ్లి తీసెయ్యొద్దన్నరు. ప్రమాదంతోని సంబంధం లేకుండా వచ్చే పైసకు, ప్రమాదం వల్ల వచ్చే పైసకు ముడిపెట్టొద్దన్న ఆ వాదనే మీ వకీలు మీ కేసుల పెట్టాలె. మీ బ్యాంకు అకౌంటుల ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందేమో కూడా చూడండి, 70 ఏండ్లలోపు వాళ్లకు ప్రమాదంల ఒక కాలు పోతే లక్ష రూపాయలు వస్తయి, అది అడగడానికి కోర్టు తీర్పుదాకా ఆగాల్సిన పనిలేదు.