మోకాలు రెండోసారి మార్చే ముందు

చెల్లె,

డాక్టర్ మళ్ళీ ఆపరేషన్ అన్నాడని విన్నా. తారీఖు తీసుకునే ముందు మొదటిసారి వేసిన కృత్రిమ మోకాలు ఎందుకు చెడిందో గట్టిగా అడుగు. నొప్పి ఉంది కాబట్టి మారుద్దాం అంటే ఒప్పుకోకు, తుంటి కీలు అరిగినా, నడుములో నరం నొక్కుకున్నా నొప్పి మోకాలికి దిగుతుంది, అట్లాంటప్పుడు కొత్తది వేసినా గుంజుడు గుంజుడే.

ఇంప్లాంట్, అంటే లోపల వేసిన ఆ కృత్రిమ కీలు, ఎముక నుంచి వదులై కదలొచ్చు, మధ్యలో ప్లాస్టిక్ ముక్క అరగొచ్చు, కీలు పట్టు తప్పి ఊగొచ్చు, బిగుసుకుపోవచ్చు. అన్నిటికన్నా మొండిది ఇన్‌ఫెక్షన్. ఆపరేషన్‌కు ముందే అది ఉందా లేదా తేలాలి, అందుకే ఒంట్లో వాపు జాడ చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేస్తారు, అనుమానం ఉంటే మోకాలిలో నీరు సూదితో తీసి, క్రిమి పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్షకు పంపుతారు. ఆ నీరు తీయకముందే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ మింగావనుకో, క్రిమి దొరక్కపోవచ్చు, రిపోర్టు శుభ్రంగా వచ్చినా లోపల చీము అట్లనే ఉండొచ్చు. ఇప్పటికే ఏమైనా వాడుతుంటే దాచకుండా చెప్పు. పాత ఇన్‌ఫెక్షన్ అని తేలితే చాలాసార్లు రెండు ఆపరేషన్లు పడతాయి: ముందు పాతది తీసి ఆ ఖాళీలో మందు కలిపిన సిమెంటు ముక్క (స్పేసర్) తాత్కాలికంగా పెడతారు, కొన్ని వారాలు యాంటీబయాటిక్స్ ఇచ్చి, తగ్గిందని నమ్మకం కుదిరాక కొత్తది వేస్తారు. మీ ఆయనకు ఈ సంగతి ఇప్పుడే చెప్పు, సగంలో తెలిస్తే గాబరా పడతాడు.

పాత ఫైలు వెతుకు. డిశ్చార్జ్ కాగితం ఒక్కటే చాలదు, ఆపరేషన్ నోట్సు, ఇంప్లాంట్ స్టిక్కర్లు కావాలి, కంపెనీ, సైజు వాటి మీదే ఉంటాయి. మిగతాది గట్టిగా ఉండి ప్లాస్టిక్ ఒక్కటే అరిగితే దాన్నే మార్చే వీలుంటుంది, కానీ దానికి సరిపోయే ముక్క తేవాలంటే ఆ వివరాలు తెలియాలి. ఇంట్లో లేకపోతే ఆ ఆస్పత్రి రికార్డు రూంలో అడుగు.

ఇంకోటి, మన నల్గొండ జిల్లా మర్రిగూడలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగామని సర్జన్‌కు చెప్పు. అట్లాంటి ఎముక ఎక్స్-రేలో గట్టిగా కనిపించినా పెళుసుగా ఉండొచ్చు. ఇట్లాంటి రెండోసారి ఆపరేషన్లు తరచూ చేసే సర్జనేనా అని కూడా అడుగు, మొహమాటపడకు. ఈసారి ఎముక తరిగిన చోట నింపే ముక్కలు, ఎముక లోపలికి దిగే పొడుగు కాడలు పడొచ్చు, టైమూ ఎక్కువ, రక్తమూ ఎక్కువ పోతుంది.

మోకాలి ఇంప్లాంట్ల ధరలకు 2017లో కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది, రెండోసారి వేసే వాటికి కూడా. ఇంప్లాంట్ బిల్లు విడిగా రాయించుకో. ఆరోగ్యశ్రీలో వస్తుందని ఊహించుకోకు, ఆస్పత్రిలో ఆ పథకం చూసే ఆరోగ్యమిత్రను కలిసి కనుక్కో.

షుగర్ అదుపులోకి తెచ్చుకో, పుచ్చిన పన్ను, మడమ పగుళ్ళు ముందే చూపించుకో. రక్తం పలచబడే మాత్రలు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. పాయ తాగితే ఎముక పెరుగుతుందని నీ ఆడబిడ్డ అంటుంది, రుచికి తాగు. తొడ కండకు ఎక్సర్‌సైజులు మాత్రం ఇప్పటి నుంచే చెయ్, ఇంట్లో వెస్టర్న్ కమోడ్, పక్కన పట్టుకునే రాడ్ పెట్టించు. మొదటిసారి అంత తొందరగా లేస్తానని, అంతే వంగుతుందని లెక్క వేసుకోకు, వాకర్ ఎక్కువ రోజులే ఉంటుంది.

సీఆర్‌పీ రిపోర్టు రాగానే నాకు వాట్సాప్ చెయ్.

మీ అక్క